మన పాడ అరుదైనది కాదు, రాతలో ముక్కలైంది



పోస్టు కొంచెం పెద్దది. అయినా 2027 జనగణన వాళ్లు మన తండా గడప తొక్కేలోపు ప్రతి ఇంట్లో ఒక్కరైనా ఇది చదవాలని రాస్తున్నాం. మీరు చదివి, ఇంట్లో అమ్మానాన్నలకు వినిపించండి.

ఈ మధ్య మన పిల్లల స్టేటస్‌లలో ఒక లెక్క తెగ తిరుగుతోంది. ఇంటిపేరు కొడితే చాలు, ఈ పేరు ప్రపంచంలో ఇంతమందికే ఉంది, ఇన్ని లక్షల్లో ఒక్కరికే ఉంది అని చూపిస్తుంది. "చూశారా, మాది ఎంత అరుదైన ఇంటిపేరో" అని కొందరు మురిసిపోతున్నారు. "మన పాడ అంతరించిపోతోంది" అని ఇంకొందరు దిగులు పడుతున్నారు. ఆ మురిపెమూ వద్దు, ఆ దిగులూ వద్దు. మన పాడలు అరుదైనవి కావు. రాసేవాళ్లు వాటిని ముక్కలు చేశారు. ఇప్పుడు ఆ ముక్కల్ని లెక్కబెట్టి, ఒక్కో ముక్కకు "అరుదైన ఇంటిపేరు" అని బిరుదు ఇస్తున్నారు.

అసలు ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? మన దేశంలో జనగణన శాఖ ఇంటిపేర్ల పట్టిక ప్రచురించదు. కాబట్టి "భారతదేశంలో ఈ ఇంటిపేరు ఇంతమందికి" అని ఎవరు చెప్పినా అది దొరికిన జాబితాల మీద వేసిన అంచనా మాత్రమే. ఆ జాబితాలో ఏ అక్షరాలు పడ్డాయో అవే దానికి ఆధారం. ఇంగ్లీషులో చివర 'హెచ్' ఉంటే ఒక ఇంటిపేరు, లేకపోతే ఇంకో ఇంటిపేరు. అన్నకు ఒకటి, తమ్ముడికి ఒకటి.

లెక్క సరిగ్గా తీసే దేశాలు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో 2010 జనగణన తర్వాత, కనీసం వందమందికి ఉన్న ఇంటిపేర్లు 1,62,253 అని పట్టికే ఇచ్చారు. దక్షిణ కొరియా ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ ఇంటిపేరుతో పాటు ఆ వంశం మూల ఊరు కూడా అడిగి లెక్కించారు. కిమ్ అనే పేరు అక్కడ కోటిమందికి ఉంటుంది. కానీ కిమ్ అంటే సరిపోదు, ఏ ఊరి కిమ్ అని అడుగుతారు. గిమ్హే ఊరి కిమ్‌లే నలభై లక్షలకు పైగా అని 2015 లెక్క. ఊరు ఎందుకంటే, ఒకే పేరు, ఒకే మూల ఊరు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదని అక్కడ చట్టమే ఉండేది. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టం చెల్లదంది. అంటే అక్కడ పేరు వెనక ఉన్న బంధుత్వానికి కూడా లెక్కలో చోటు దొరికింది.

మన పాడ సంగతి కూడా అంతే. కొత్తవాళ్లు తండాలోకి వస్తే మన అవ్వ మొదట అడిగేది చదువు గురించీ కాదు, ఉద్యోగం గురించీ కాదు. "మీది ఏ పాడ?" అని అడుగుతుంది. ఆ జవాబుతో వచ్చినవాడు అన్న వరసా, బావ వరసా తేలిపోతుంది. రాథోడ్, పమార్, చౌహాన్, వడిత్యా అని నాలుగు పెద్ద గోత్‌లు. మన దక్షిణాన రాథోడ్‌లను భూక్యా అని కూడా అంటాం. ఒక్కో గోత్ కింద పాడలు. చౌహాన్ కింద ఆరు అని పెద్దలు చెబుతారు: మూడ్, కొర్రా, కేళూత్, సభావత్, పాల్త్యా, లావుడ్యా. ఈ ఆరూ అన్నదమ్ములు. మూడ్ పిల్లాడు కొర్రా పిల్లను చేసుకోడు, చెల్లెలి వరస కాబట్టి. ఇప్పుడు చెప్పండి, ఇంటిపేర్ల లెక్కలో మూడ్‌కు ఒక అంకె, కొర్రాకు ఒక అంకె విడివిడిగా వేస్తే ఈ బంధుత్వం ఎక్కడ కనిపిస్తుంది? ఆ లెక్క చూసి "మా వాళ్లు ఇంతేనా" అనుకునే మూడ్ పిల్లాడికి, పక్క బెంచీలో కూర్చున్న కొర్రా పిల్లాడు తన అన్నే అని ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు ఇది చెప్పడానికి ఢాడీ వాళ్లు ఉండేవాళ్లు. తండా తండా తిరిగి ఏ పాడ ఎవరి నుంచి పుట్టిందో పాడేవాళ్లు. వాళ్ల నోట్లో అక్షరదోషం ఉండేది కాదు. దోషం కాగితం దగ్గర మొదలైంది.

పేర్ల పుట్టుక కూడా కాస్త చూడండి, ఇది తెలిస్తే ఆ అరుదు లెక్క ఎంత డొల్లో తెలుస్తుంది. మన పేర్ల చివర వచ్చే 'ఆవత్' అంటే ఫలానా ఆయన సంతతి అని. రాజస్థాన్ వైపు ఇదే పద్ధతి. షేఖా సంతతి షెఖావత్, చుండా సంతతి చుండావత్. అట్లే రామా సంతతి రమావత్, మేఘా సంతతి మేగావత్. ఈ 'ఆవత్' నోట్లో నలిగి 'ఓత్' అయింది. బాణావత్ అన్నా బానోత్ అన్నా అదే పేరు. తెలంగాణ వైపు బానోత్ అంటారు, మన వైపు బాణావత్ అంటారు. పైగా తెలుగు చెవికి మాట చివర అచ్చు లేకపోతే తోచదు. అందుకని రాసేవాళ్లు ఒక 'ఉ' తగిలించారు. బానోత్ బానోతు అయ్యాడు. భూక్యా మన కదిరి, గుంతకల్లు వైపు బుక్కే అయ్యాడు. మూడ్ ఒక చోట మూడే, ఇంకో చోట ఏకంగా మూడు. అంకె మూడు! హాజరు పిలిచేటప్పుడు క్లాసంతా నవ్విన రోజులు ఆ ఇంటిపేరు వాళ్లకు బాగా గుర్తుంటాయి.

ఒక తాతకు నలుగురు మనవళ్లు అనుకోండి. ఒకడు బాణావత్, ఒకడు బానావత్, ఒకడు బానోత్, ఒకడు బానోతు. ఇంగ్లీషులోకి పోతే ఈ నాలుగూ ఇంకో ఎనిమిది అవుతాయి. కంప్యూటర్ ప్రతి ఒక్కదాన్నీ వేరే వంశం అంటుంది. ఇట్లా లెక్కిస్తే ప్రపంచంలో అరుదు కాని ఇంటిపేరే ఉండదు.

ముక్కలు చేసింది ఒక ఎత్తు, ఒకే కుప్పలో పోసింది ఇంకో ఎత్తు. నాయక్ అంటే తండా పెద్ద. తండాకు ఒక్కడే నాయక్, ఆయన పక్కన కార్‌భారీ. అది హోదా పేరు. రికార్డుల్లో మాత్రం మగవాళ్లందరూ నాయక్‌లు అయిపోయారు, ఆడవాళ్లందరూ బాయిలు అయిపోయారు. ఇంటిపేరు గడిలో ఒక ఇంగ్లీషు అక్షరం, వెనక నాయక్. పాడ మాయం. నాయక్ అనే పేరు గోవాలో ఉంది, మహారాష్ట్రలో ఉంది, ఒడిశాలో ఉంది. కర్ణాటకలో నాయక అంటే వాల్మీకి బోయ సోదరులు. ఇక నాయక్‌లు ఎంతమంది అని లెక్క తీస్తే అందులో మనం ఎంతమందో దేవుడికే తెలియాలి. ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పాడ, ఆధార్‌లో భర్త పాడ, రేషన్ కార్డులో ఉత్త బాయి. ముగ్గురు మనుషులు ఒక్కరే అని నోటరీ దగ్గర ప్రమాణం చేసి రాయించుకోవాల్సిన గతి.

ఈ రాత ఎవరు మొదలుపెట్టారో కూడా గుర్తుపెట్టుకోండి. మన పూర్వులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఈ పీఠభూమి అంతా తిరిగినవాళ్లు. లంబాడీ అన్న మాటే లవణం నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. 1871లో మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు కలిసింది. మన జిల్లా మీదుగానే పోయింది. ఎద్దు వీపు మీద పోయే సరుకు రైలెక్కింది. అదే 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాష్ట్రానికి కూడా తగిలించారు. మన ఎరుకల సోదరులను, కొన్ని చోట్ల లంబాడీలను ఆ చట్టం కింద రిజిస్టర్లలోకి ఎక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. పోలీసు రిజిస్టర్‌లో పేరు పట్టుకోవడానికి పనికొస్తే చాలు. పాడ ఏది, గోత్ ఏది అని అక్కడ ఎవరడుగుతారు? దేశమంతటా ఆ చట్టం పోయింది 1952లో. రాసే అలవాటు మాత్రం పోలేదు. ఎరుకల వాళ్లలో సాతుపాడి, కావడి, మానుపాడి, మేండ్రగుత్తి అని నాలుగు వంశాలున్నాయి. వాళ్ల పిల్లలను అడగండి, ఎంతమంది సర్టిఫికెట్లలో ఆ పేర్లు మిగిలాయో.

ఇక్కడ మనవాళ్లకే ఒక మాట చెప్పాలి. "రాథోడ్, చౌహాన్, పమార్ అంటే రాజపుత్రుల పేర్లు, కాబట్టి మనం రాజపుత్రులం" అని కొందరు రాస్తున్నారు. ఉన్న పాడ తీసేసి చౌహాన్ అని మార్చుకునేవాళ్లూ ఉన్నారు. పేర్ల పోలిక చూస్తే మన భాష, మన దారి రాజస్థాన్ వైపు నుంచి వచ్చాయని తెలుస్తుంది. అంతవరకే. పేరు కలిసినంత మాత్రాన కోట మనదైపోదు. గుత్తి దగ్గర సేవాగఢ్ ఉంది. 1739లో సేవాలాల్ మహారాజ్ అక్కడే పుట్టాడని దేశంలోని బంజారాలంతా ఫిబ్రవరి 15న మన అనంతపురం వైపు తిరిగి దండం పెడతారు. ఎవరి కోటో అరువు తెచ్చుకునే అవసరం మనకేముంది? పైగా మూడే తీసేసి చౌహాన్ అని పెట్టుకున్నవాడిని రేపు ఏ అధికారైనా "నువ్వు మహారాష్ట్ర నుంచి వచ్చావా?" అని అడిగితే ఏం చూపిస్తాడు? అనంతపురం నేలకు తనను కట్టి ఉంచే తాడు ఆ చిన్న మాటే. దాన్ని తనే తెంచుకున్నాడు.

"అసలు ఇంటిపేరే తీసేద్దాం, కులం పోతుంది" అనే మిత్రులు కూడా ఉన్నారు. మీ ఉద్దేశం మంచిదే. కానీ పై కులం వాడు తోక కత్తిరించుకుంటే ఆదర్శం అంటారు, మనవాడు కత్తిరించుకుంటే "నువ్వు ఎస్టీ అని ఆధారం ఏది?" అంటారు. ముందు వాళ్లు మొదలుపెట్టనీయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం.

2011 సామాజిక ఆర్థిక కుల గణనలో ఏమైందో తెలుసా? కేంద్ర ప్రభుత్వమే 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు చెప్పింది. కులం అడిగితే జనం కులం, ఉపకులం, ఇంటిపేరు, గోత్రం ఏది తోస్తే అది చెప్పారు, అవన్నీ కలిసి దాదాపు 46 లక్షల పేర్లు అయ్యాయి అని. 1931 గణనలో తేలిన కులాలు 4,147. అవి 46 లక్షలు ఎట్లా అవుతాయి? ఇట్లాగే. ఒకడు బుక్కే అన్నాడు, ఒకడు నాయక్ అన్నాడు, ఒకడు బంజారా అన్నాడు, రాసేవాడు రాసుకుని పోయాడు. ఆ కులాల లెక్క బయటికే రాలేదు.

భాష లెక్క చూడండి. 2011లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే. ఆ లెక్కను హిందీ కింద కలిపేశారు. గోర్ బోలి మాట్లాడే అవ్వకు హిందీ ముక్క రాదు, అయినా ఆమె హిందీ మనిషి. పేరు దగ్గర ముక్కలు, భాష దగ్గర మింగుడు. రెండు రకాలుగానూ కనపడకుండా పోతున్నది మనమే.

ఇప్పుడు జనగణన మళ్లీ వస్తోంది. 2027 మార్చి 1 నాటి లెక్క. ఈసారి అందరి కులమూ అడుగుతారు. జనం లెక్క తీసేది ఫిబ్రవరిలో. ఫిబ్రవరిలో మన తండాల్లో ఎవరుంటారు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే నేల మనది. అది కూడా కురిస్తే. శెనక్కాయ పీకి, అప్పులవాడికి కట్టి, మిగిలింది లేక సంక్రాంతి అయ్యాక బెంగళూరుకో కేరళకో బయలుదేరే కాలం అది. ఇళ్లకు తాళాలు, అరుగు మీద ముసలోళ్లు. లెక్క జరిగినన్ని రోజులూ ఊళ్లో లేనివాళ్లను వాళ్లు ఉన్న చోటే రాసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ అనేది కూడా ఆ రాష్ట్రం జాబితా ప్రకారమే రాస్తారు. కర్ణాటకలో లంబాణీలు ఎస్సీ. కేరళ జాబితాల్లో మన పేరే లేదు. రాయదుర్గం తండాలో ఎస్టీగా పుట్టినవాడు బెంగళూరు సెంట్రింగ్ పనిలో ఉంటే ఎస్సీ లెక్కలో పడతాడు, కొచ్చిలో ఉంటే ఏ లెక్కలోనూ పడడు. ఆ రాయదుర్గమే 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. గీత ఒకటి గీశారు, గీతకు ఇటు ఎస్టీ, అటు ఎస్సీ. పాడ మాత్రం రెండు వైపులా ఒకటే. తెలంగాణలో 1977 దాకా లంబాడీలు ఎస్టీ జాబితాలోనే లేరు, మనం అంతకు ముందే ఉన్నాం. జాబితా ఎప్పుడూ గీతను చూస్తుంది, మనిషిని చూడదు.

"లెక్క తగ్గితే ఏమవుతుందిలే" అనుకోకండి. ఎస్టీ సీట్లు జనాభాను బట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ స్థానాలు. అందులో ఎస్టీలకు 7. ఆ ఏడూ ఉత్తరాంధ్ర, గోదావరి ఏజెన్సీల వైపే. రాయలసీమలో ఒక్కటంటే ఒక్కటి లేదు. 2001లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీలు 50,24,104 అయితే అందులో సుగాలీలే 20,77,947. నూటికి నలభై మంది. అయినా సీమ సుగాలీ గొంతు అసెంబ్లీలో వినపడాలంటే జనరల్ సీటులో ఎవరో దయ తలచి టికెట్ ఇవ్వాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2011లో మొత్తం జనం 40,81,148, మన ఎస్టీలు నూటికి నలుగురు కూడా లేరు. ఆ నలుగురిలో ఒకరు బెంగళూరులో, ఒకరు కులం గడిలో 'నాయక్' కింద పోతే మిగిలేది ఎంత? పంచాయతీ రిజర్వేషన్, హాస్టల్ సీటు, తండాకు రోడ్డు, అన్నీ ఆ మిగిలిన అంకెను చూసే వస్తాయి.

అందుకని మనం చేయాల్సింది ఇది. కులం గడిలో పాడ చెప్పొద్దు, నాయక్ అని చెప్పొద్దు, రాథోడ్ అని చెప్పొద్దు. సుగాలీ లేదా లంబాడీ అని, జాబితాలో ఉన్న పేరే చెప్పండి. ఎరుకల వాళ్లు ఎరుకల అనే చెప్పండి, వంశం పేరు చెప్పొద్దు. మాతృభాష దగ్గర తెలుగు అని తేలిగ్గా అనేయకండి, లంబాడీ అని రాయించండి. రాసింది చదివి వినిపించమని అడగండి. అడిగితే కోప్పడతారేమో అని జంకొద్దు, అది మన హక్కు. వలస పోయేవాళ్లు లెక్క జరిగే రోజుల్లో ఒక్కసారైనా ఇంటికి వచ్చి పోయేలా చూసుకోండి. శివరాత్రికి వస్తాం, ఉగాదికి వస్తాం, ఎవరైనా పోతే రాత్రికి రాత్రి బస్సెక్కి వస్తాం. దీనికీ రావాలి.

ఇక పాడ లెక్క. దాన్ని ప్రభుత్వం తీయదు, కంపెనీలకు చేతకాదు. మనమే తీయాలి. ఎస్‌కేయూలో, జేఎన్‌టీయూలో, డిగ్రీ కాలేజీ హాస్టళ్లలో ఉన్న ప్రతి ఒక్కరూ సెలవులకు పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. మీ తండాలో ఒక్కో గడపకు పాడ ఏది, గోత్ ఏది, ఇంటికి వచ్చిన కోడళ్ల పుట్టింటి పాడ ఏది, ఆధార్‌లో ఏమని పడింది, బడిలో ఏమని పడింది, అన్నీ పక్కపక్కన రాయండి. అవ్వ నోట్లో ఆ పేరు ఎట్లా పలుకుతుందో అట్లా తెలుగు అక్షరాల్లో రాయండి. కొత్తగా బడిలో చేరే పిల్లలకు మొదటి రోజే సరైన రాత రాయించండి. అన్నదమ్ములకు ఒకే అక్షరాలు ఉండేలా చూడండి. పదో తరగతి ఫారం నింపాక మార్చాలంటే ఎన్ని ఆఫీసులు తిరగాలో, తిరిగినవాళ్లను అడగండి.

ఒక్క తండా నోటుబుక్కు పూర్తయితే చాలు, ఆ అరుదు లెక్క అక్కడికక్కడే కూలిపోతుంది. ఎనిమిది 'అరుదైన ఇంటిపేర్లు' ఒకే తాత దగ్గర కలుస్తాయి. ఆ తాత పేరు మన అవ్వలకు ఇంకా గుర్తుంది. వాళ్లు ఉండగానే రాసుకోండి.

జై సేవాలాల్!